అబద్ధం గారి కాకి

ఆయన ‘కట్’ అనడు. ‘అబద్ధం’ అంటాడు.

సినిమా తీసేవాళ్ళు ఎక్కడైనా షాటు ఆపాలంటే ‘కట్’ అనే అంటారు. ఈయన మాత్రం కుర్చీలోంచి సగం లేచి, గాలిని కోస్తున్నట్టు చెయ్యి విసిరి, “అబద్ధం!” అని అరుస్తాడు. కెమెరా ఆగుతుంది. లైట్లు ఆరుతాయి. అప్పటిదాకా కుమిలి కుమిలి ఏడుస్తున్న నటుడు దొంగసొత్తుతో దొరికిపోయినవాడిలా నిలబడతాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క అబద్ధమూ ఆడని ఆ దర్శకుడికి యూనిట్‌లో అందరూ చాటుగా పెట్టుకున్న పేరు ‘అబద్ధం గారు’.

ఆయన్ని అందరికంటే ఎక్కువ కాలం భరించింది కుట్టక్క. పందొమ్మిదేళ్ళుగా ఆయన సినిమాలకి బట్టలు కుడుతున్నది ఆవిడే. ఒక కుట్టుమిషను, ఒక ఇనప ట్రంకు పెట్టె, మెడలో టేపు, పెదవుల మధ్య నాలుగు గుండుసూదులు, ఇదీ ఆవిడ సంసారం. “నోట్లో సూదులుండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఈ మనిషిని ఎన్ని మాటలు అనేదాన్నో” అని రోజుకోసారైనా అనేది. ఆ మాట అనడానికి సూదులు తియ్యాల్సి వచ్చేది.

ఆయన జబ్బు షూటింగుతో ఆగేది కాదు. ఒకసారి జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి కుట్టక్కే తీసుకెళ్ళింది. డాక్టరు సూదిమందు సిద్ధం చేసి, “చీమ కుట్టినట్టుంటుంది, అంతే” అన్నాడు.

“అబద్ధం!”

డాక్టరు చేతిలో సూది కింద పడింది. “ఏమిటండీ అబద్ధం?”

“చీమ సంగతి. మీ మాటలో చీమ ఉంది, కళ్ళలో లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి పొడవండి.”

“కొంచెం నొప్పిగా...”

“అబద్ధం!”

“బాగా నొప్పి పుడుతుందయ్యా మహానుభావా! ప్రాణం జివ్వుమంటుంది! చాలా?”

“ఇది బాగుంది” అని ఆయన చొక్కా చెయ్యి పైకి మడుచుకున్నాడు.

యూనిట్ మేనేజరు పెళ్ళిలో ఇంకా ఘోరం. ఫొటోగ్రాఫరు కొత్త జంటని పక్కపక్కన నిలబెట్టి “కొంచెం నవ్వండి” అన్నాడు. వాళ్ళు నవ్వారు. వెనక వరసలోంచి, నోట్లో మిఠాయి ఉండగానే, “అబద్ధం!” అని కేక వినిపించింది. పెళ్ళికూతురు బిత్తరపోయి భోరుమంది. పెళ్ళికొడుకు ముఖంలో నెత్తురు చుక్క లేదు. “ఆఁ, ఇదీ! ఇది తియ్యవయ్యా!” అన్నాడాయన. ఈనాటికీ మేనేజరింట్లో గోడమీద వేలాడుతున్నది ఆ ఫొటోనే. చూసినవాళ్ళందరూ ఎంత సహజంగా వచ్చిందో అని మెచ్చుకుంటారు.

ఇంకోసారి ఒక్క వాన షాటు కోసం యూనిట్ అంతా తొమ్మిది రోజులు ఆకాశంకేసి నోళ్ళు తెరుచుకుని కూర్చుంది. గొట్టాలతో నీళ్ళు చిమ్ముదామన్న కెమెరామన్ వంక ఆయన హంతకుణ్ణి చూసినట్టు చూశాడు. పదోనాడు వాన వచ్చింది. ఎవరో మొహమాటంగా తలుపు తట్టినట్టు మొదలై, చూస్తుండగానే వీధి వీధంతా అద్దమైపోయింది. దీపస్తంభాలు తలకిందులుగా నీళ్ళలో నిలబడ్డాయి. కుట్టక్క కూడా సూదులు తీసి “అబ్బ!” అనుకుంది. ఆయన గొడుగు కిందనుంచి కాసేపు చూసి పెదవి విరిచాడు.

“మరీ ఎక్కువ చేస్తోంది.”

ఇలాంటి మనిషికి ఆ ఏడాది ఒక నిర్మాత దొరికాడు. ఏడుపు సినిమాలు తీసి పైకొచ్చిన పెద్దమనిషి. ఆయన సినిమాల్లో తల్లులు దగ్గి దగ్గి పోతారు, చెల్లెళ్ళకి చూపు పోతుంది, చివరి రీలులో కుక్కకి కూడా ఏదో ఒకటి అవుతుంది. జనం కన్నీళ్ళతో మూడంతస్తుల మేడ కట్టాడు. అన్నీ ఉన్నాయి, మర్యాద ఒక్కటి లేదు. దానికి వాస్తవిక చిత్రం కావాలని ఎవరో చెవిలో ఊదారు.

“కథేమిటండీ?” అన్నాడు నిర్మాత.

“మిల్లు కూలీల ఇంటి కుర్రాడు. వాడొక పిట్టని పెంచుకుంటాడు.”

“ఊఁ. తర్వాత?”

“వాడి అన్న కోపంలో దాన్ని చంపేస్తాడు. కుర్రాడు పాతిపెడతాడు.”

నిర్మాత జేబురుమాలు తీసి కళ్ళొత్తుకున్నాడు. “అద్భుతం! బయటి దేశాల జ్యూరీలకి పేదవాడింట్లో ఏదో ఒకటి చచ్చితీరాలండీ. తల్లి పోతే వెండి, పిట్ట పోతే బంగారం. పిట్ట బతికిందా, మన అవార్డు బతకదు. ముందే చెప్తున్నాను.”

మర్నాడే పోస్టరు అచ్చయింది. దోసిట్లో చచ్చిన పిట్టతో ఎవరో కుర్రాడి బొమ్మ. అప్పటికి కుర్రాడూ దొరకలేదు, పిట్టా దొరకలేదు. చావు మాత్రం ఖాయమైపోయింది.

షూటింగు ఒక నూలుమిల్లు పక్క లైను ఇళ్ళలో. ఒకదాని వీపుకొకటి ఆనుకున్న గదులు, గదికో కిటికీ, వరస మొత్తానికి ఒకే కుళాయి. గాలిలో ఎప్పుడూ దూది నుసి తేలుతూ ఉండేది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే ఆ నుసంతా వెలిగి, ఎవరో బంగారాన్ని పిండి కొట్టి వీధి మీద చల్లినట్టుండేది. కెమెరామన్ అది చూసి రెండు చేతులూ జోడించాడు. ముప్పై ఏళ్ళుగా ఆ బంగారాన్నే పీలుస్తున్న ఒక ముసలాయన గడపలో కూర్చుని దగ్గుతూ, “కావాలా బాబూ? లోపల ఇంకా బోలెడుంది” అన్నాడు.

మొదటి వారం చొక్కాల గొడవ. మిల్లు కూలీలకి చిరిగిన చొక్కాలు కావాలన్నాడు ఆయన. అక్క కొత్త చొక్కాలు తెచ్చి కత్తెరతో చింపింది.

“అబద్ధం! ఇది కత్తెర చింపింది. లేమి ఇంత తిన్నగా చింపదు.”

“మరెలా చింపుతుంది సార్?”

“మోచేతుల దగ్గర మొదలుపెడుతుంది. తొందరపడదు.”

అక్కకి ఒళ్ళు మండింది. మిగిలిన కొత్త చొక్కాలు మూటగట్టి మిల్లు గేటు దగ్గరికి పోయి, పాత చొక్కా ఇచ్చినవాడికి కొత్తది ఇస్తానని చాటింపు వేసింది. “ఏంటక్కా, వీటికేమన్నా రోగమా?” అని ఒకడు గుడ్డ నలిపి చూశాడు. గంటలో మూట ఖాళీ. సిసలైన చిరుగులు నూట ఎనభై, మోచేతులతో సహా, ట్రంకు పెట్టెలోకి చేరాయి.

మర్నాడు పొద్దున్న ఆయన అసలైన కూలీలు అసలైన గేటులోకి వెళ్ళే అసలైన దృశ్యం తియ్యడానికి కెమెరా పెట్టాడు. సైరను కూసింది. నూట ఎనభైమంది, ఒకే నీలం గళ్ళ కొత్త చొక్కాల్లో, ఇస్త్రీ మడత నలగకుండా నడుచుకుంటూ వచ్చారు.

“అబద్ధం! కూలీలు ఇలా ఉండరు!”

ముందు వరసలో ఉన్న పెద్దాయన ఆగాడు. “ఉండం బాబూ, నిజమే. నిన్నటిదాకా లేం. ఈ పూట ఉన్నాం.”

ఆయన కెమెరా సర్దించేశాడు. ఆ రోజు ఇంక ఆ మాట అనలేదు.

కుర్రాడి పాత్రకి మూడొందల మంది వచ్చారు. తల్లులు నూనె రాసి, పాపిడి తీసి, ఏడవడం నేర్పించి మరీ తెచ్చారు. ఒకడైతే అడక్కుండానే ఏడ్చి, “ఆపమంటారా, ఇంకొంచెం ఏడవమంటారా అంకుల్?” అన్నాడు. మూడు రోజులపాటు ‘అబద్ధం’ అని అని ఆయన గొంతు పోయింది. నాలుగో రోజు గొంతు పుక్కిలించుకోవడానికి కుళాయి దగ్గరికి వెళితే అక్కడ వరసలో, బిందె పట్టుకుని, పన్నెండేళ్ళవాడు ఒకడు నిలబడి ఉన్నాడు. వాడి భుజం మీద ఒక కాకి. గూట్లోంచి పడిపోయినప్పుడు తెచ్చి, తన ముద్దలో ముద్ద పెట్టి పెంచాడట.

“ఒరేయ్, సినిమాలో చేస్తావా?” అన్నాడు ఆయన బొంగురుగా.

“ఏం చెయ్యాలి?”

“ఏమీ చెయ్యకూడదు. నటించకూడదు.”

“నటించకపోతే ఏమిస్తారు?”

“కూలీ. రోజుకి రెండు గుడ్లు.”

“దీనికి?”

ఆయన కాకి వంక చూశాడు. కాకి మెడ వంచి, ఒంటికంటితో ఆయన్ని పైనుంచి కిందికి కొలిచింది. ఆయన చూపు ముందు చూపు దించని ప్రాణిని కుట్టక్క చూడడం అదే మొదలు.

“దీనికో గుడ్డు.”

“గుడ్డు సరే. దీని కూలీ?”

పిట్టోడు అని పేరు పడిపోయింది వాడికి. నిర్మాతకి కబురందగానే ఫోను మోగింది.

“కాకేమిటండీ! డేగ అనుకున్నాను. పోనీ చిలక పెట్టండి, రంగన్నా ఉంటుంది.”

“ఇక్కడి కుర్రాడు పెంచేది కాకినే.”

“కాకి చస్తే ఎవరేడుస్తారండీ?”

“వాడేడుస్తాడు.”

నిర్మాత ఒక నిమిషం ఆలోచించాడు. “సరే. చావు మటుకు దగ్గర్నుంచి తియ్యండి.”

ఆ కాకికీ కుట్టక్కకీ తొలిరోజే పడలేదు. గుండీ మెరిస్తే చాలు దాని ముక్కులో ఉండేది. టేపు లాక్కుపోయి కుళాయి గొట్టానికి చుట్టేది. ఒకసారి దారపుండ పట్టుకుని ఎగిరి, వీధి ఈ చివరనుంచి ఆ చివరదాకా ఎర్రదారం గీత గీసింది. “పీక నులిమేస్తాను దొంగమొహమా!” అని అక్క కర్ర పట్టుకుని పరిగెత్తితే, పిట్టోడు వెనకాల, “అక్కా, అది నీతో ఆడుకుంటోంది!” అని పరిగెత్తేవాడు.

“నాతో ఆడుకోవడానికి అదేమన్నా నా మేనకోడలా?”

అయితే కెమెరా ముందు మాత్రం ఆ ఇద్దరూ బంగారం. వాడు రొట్టె తుంచి దాని నోట్లో పెడితే ఊరికే పెట్టినట్టుండేది. వాడు ఈలవేస్తే అది మిల్లు గొట్టం మీదనుంచి, పొగలోంచి ఒక నల్లటి ముక్క తెగిపడ్డట్టు దిగివచ్చేది. ఆయన కుర్చీలోంచి సగం లేచి, అలాగే మళ్ళీ కూర్చుండిపోయేవాడు. ఇరవై రోజుల్లో వాడి మీద ‘అబద్ధం’ అన్న కేక పడలేదు. యూనిట్‌కి ఆ నిశ్శబ్దం కొత్త. కొంచెం భయం కూడా.

భయం దేనికంటే, కథలో చివరి పేజీ అలాగే ఉంది. కాకి చచ్చిపడి ఉంటుంది, అని రాసి ఉంది. వానని కూడా నమ్మని ఈ మనిషి ఆ పేజీ ఎలా తీస్తాడు? అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ముందుగా కుట్టక్కే తెగించింది. నల్లటి మఖమల్ గుడ్డతో కాకిని కుట్టి, దూది కూరి, కళ్ళకి రెండు నల్ల గుండీలు పెట్టింది. పక్కన నిలబెడితే అసలు కాకి మీదే అనుమానం వచ్చేట్టు కుదిరింది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు.

“అబద్ధం.”

“చచ్చిన కాకి ఇంకెలా ఉంటుంది సార్?”

“ఇది చావలేదమ్మా. ఇది పుట్టనే లేదు.”

అక్క సూదులు కొరికింది.

తర్వాత మేనేజరు ఊరంతా గాలించి, కరెంటు తీగ తగిలి చచ్చిన కాకినొకదాన్ని కాగితంలో చుట్టి తెచ్చాడు. ఆ రోజు నిర్మాత స్వయంగా కారులో దిగాడు, నాలుగు జేబురుమాళ్ళతో. కెమెరా తిరిగింది. పిట్టోడు ఆ కాకిని దోసిట్లోకి తీసుకున్నాడు. రెక్క సరిచేశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. తల ఎత్తాడు.

“ఇది మాది కాదు సార్.”

“తెలుసురా. మీదే అనుకో.”

“ఎలా అనుకుంటాను? మాది అదిగో.”

ఆ ‘మాది’ అన్నది ఆ సమయానికి నిర్మాత కారు మీద అటూ ఇటూ పచార్లు చేస్తోంది.

“అబద్ధం” అన్నాడాయన, చాలా నెమ్మదిగా.

నిర్మాతకి విసుగొచ్చింది. “ఎందుకండీ ఈ తిప్పలు? ఆ తిరిగేదాన్నే కానివ్వండి! కాకులకేమన్నా కరువా? ఇన్నాళ్ళూ నిజం నిజం అని నా ప్రాణం తీశారు. తీరా సిసలైన నిజం కాళ్ళ దగ్గరికొస్తే వెనకాడతారేం?”

వీధంతా చల్లబడింది. కెమెరామన్ కెమెరా తుడవడం మొదలుపెట్టాడు. అన్న వేషం వేసే నటుడు మెల్లగా మేనేజరు వెనక్కి జరిగాడు. దర్శకుడు ఎప్పుడూ లేనంత పెద్ద గొంతుతో, “రేపు!” అన్నాడు. “రేపు పొద్దున్న తొమ్మిదింటికి తీద్దాం! కాకిని చంపే షాటు! అందరికీ వినపడిందా? రేపు! తొమ్మిదింటికి!”

వీధి చివర కుళాయి దగ్గర ఆడవాళ్ళకి కూడా వినపడింది. పిట్టోడు దోసిట్లో కాకిని కాగితంలో జాగ్రత్తగా చుట్టి మేనేజరుకిచ్చి, తమ కాకిని భుజాన వేసుకుని ఇంటికి పోయాడు. కుట్టక్క ఆ సాయంత్రం పందొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆయనకి వెళ్ళొస్తానని చెప్పకుండా వెళ్ళిపోయింది. సూదులు నోట్లో లేవు. అయినా మాట రాలేదు.

మర్నాడు ఎనిమిదిన్నరకి ఆవిడ మిషనుకి నూనె వేస్తుంటే పిట్టోడు వచ్చి నిలబడ్డాడు. పొట్ట దగ్గర చొక్కా కదులుతోంది.

“అక్కా, నీ పెట్టెలో జాగా ఉందా?”

“దేనికిరా?”

చొక్కా గుండీల మధ్యనుంచి ఒక ముక్కు బయటికొచ్చింది.

“ఓరి పిచ్చి సన్నాసీ! తెల్లారేలోపు ఎటన్నా పారిపోవాల్సింది కదరా!”

“పని ఎగ్గొడితే అమ్మ తంతుంది. కూలీ తీసుకున్నాక రావాల్సిందేనంట.”

“నువ్వొస్తే వచ్చావు. దీన్ని ఇంట్లో వదల్లేకపోయావా?”

“వదిలితే నా వెనకాలే ఎగిరొస్తుందక్కా. దానికేం తెలుసు?”

కుట్టక్క ఒక్క క్షణం వాడి వంక చూసింది. పెట్టె తెరిచి, కూలీల చిరుగు చొక్కాల మధ్య గుంట చేసింది. “నా గుండీలన్నీ మింగావు గదే మహాతల్లీ, ఇవాళన్నా నోరు మూసుకుని పడుండు” అని కాకిని అందులో కూర్చోబెట్టి, గాలాడడానికి మూత సందులో కత్తెర దోపి, పైన తాను కూర్చుంది.

తొమ్మిదయింది. నిర్మాత జేబురుమాలు మడత విప్పి సిద్ధంగా కూర్చున్నాడు. దర్శకుడు వచ్చాడు. ఎదురుగా పిట్టోణ్ణి చూడగానే ఆయన ముఖం పాలిపోయింది.

“కాకేదిరా?”

“ఎగిరిపోయింది సార్.”

వాడు తల వంచుకున్నాడు. కాలి బొటనవేలితో నేల గీశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఇంత చెత్త నటన ఆ యూనిట్ ఎన్నడూ చూడలేదు. అబద్ధమే చొక్కా తొడుక్కుని వచ్చినట్టున్నాడు వాడు. ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. చెయ్యి గాలిలోకి లేచింది.

లేచిన చెయ్యి తిన్నగా పోయి బట్టతల నిమురుకుంది.

“అయ్యో. ఎగిరిపోయిందా” అన్నాడు.

నిర్మాత ఎగిరిపడ్డాడు. “వాడు అబద్ధమాడుతున్నాడండీ! నాలాంటివాడికే తెలుస్తోంది!”

“లేదండీ. నేను... నేను చూశాను. వచ్చేటప్పుడు. ఎగురుతుంటే.”

“ఎటు?”

“పైకి.”

“పైకి కాక కిందికి ఎగురుతుందా?”

పెట్టెలోంచి “కావ్” అని వినిపించింది. కుట్టక్క పెద్దగా దగ్గింది.

“ఏమిటా చప్పుడు?” అన్నాడు నిర్మాత.

“నా కడుపండీ. పొద్దున్నుంచి ఏమీ తినలేదు.”

“కావ్ అంటోందే?”

“ఆకలండీ. లైను ఇళ్ళలో ఆకలి ఇలాగే ఉంటుంది” అంది అక్క.

నిర్మాత ఆ మాటకి కాస్త తగ్గి, మళ్ళీ దర్శకుడి వైపు తిరిగాడు. పాపం, ఆయన చెమటలు కక్కుతున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకటి జేబులోనూ ఒకటి జేబు పక్కనా పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళపాటు ఎందరెందరి నటనకో వంకలు పెట్టిన మనిషి, గోడకి తగిలించిన కోటులా నిలబడ్డాడు. నిర్మాత వీపు వెనకనుంచి పిట్టోడు గడ్డం పైకెత్తి, రెండు వేళ్ళతో తన కళ్ళు చూపించి సైగ చేశాడు. తల ఎత్తండి, సూటిగా చూడండి అని.

ఆయన తల ఎత్తాడు. సూటిగా చూశాడు.

“ఎగిరిపోయిందండీ” అన్నాడు. “మరి రాదు.”

నిర్మాత దగ్గరికొచ్చి ఆయన కళ్ళలోకి తొంగి చూశాడు. చివరికి జేబురుమాలు మడిచేశాడు.

“ఇంకెవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు. కానీ మీరు! మీ నోట అబద్ధం రాగా విన్న మనిషి లోకంలో లేడు. ఎగిరిపోయిందంటే ఎగిరిపోయే ఉంటుంది.” కారు దాకా వెళ్ళి నీరసంగా వెనక్కి తిరిగాడు. “నా బంగారం కూడా.”

కుట్టక్క పెట్టె మీద కూర్చుని అనుకుంది: పిసినిగొట్టువాడిలా ముప్పై ఏళ్ళు కూడబెట్టిన నిజమంతా ఈ మనిషి ఒక్క కాకి మీద ఖర్చుపెట్టేశాడు.

కారు దుమ్ము అణగగానే ఆయన కెమెరా పెట్టించాడు. “ఒరేయ్, ఎగిరిపోయిందన్నావుగా. ఎటు పోయిందో చూడు.”

పిట్టోడు ఆకాశంకేసి చూశాడు. మిల్లు గొట్టం పక్కన, ఉతికి ఆరేసిన దుప్పటిలా వెలిసిపోయిన ఆకాశం. అక్కడేమీ లేదు. అయినా వాడి కళ్ళు ఒక నల్లటి చుక్కని పట్టుకుని, కప్పుల మీదుగా, తీగల మీదుగా, పొగ అంచు దాకా తీసుకెళ్ళి, మెల్లగా వదిలేశాయి. చూస్తున్న ప్రతివాడూ కాకి ఎగిరిపోవడం చూశాడు. కాకేమో ఆ సేపంతా పెట్టెలో నిద్రపోయింది. తర్వాత పత్రికల్లో ఆ షాటు గురించి రాస్తూ, ఆ ఖాళీ ఆకాశం శ్రామికవర్గపు అంతరంగం అని ఒకరూ, ఆకాశమే అసలు ఖైదు అని ఇంకొకరూ, కాకి కనపడకపోవడమే కాకి కనపడడం అని మరొకరూ తేల్చారు.

షాటు అయ్యాక ఆయన వచ్చి ట్రంకు పెట్టె అంచున కుట్టక్క పక్కన కూలబడ్డాడు.

“ఉందా లోపల?”

“ఉంది. నిజం చెప్పండి సార్, చంపేసేవారా దాన్ని?”

ఆయన ఆవిడ వంక వింతగా చూశాడు. “చంపేవాణ్ణయితే అప్పుడే చంపేవాణ్ణి కదమ్మా. నిన్న ఎండ కూడా బాగుంది. రేపు అని అంత గట్టిగా ఎందుకు అరిచాననుకున్నావు? వాడు దాన్ని తీసుకుని పారిపోతాడని. ఇంత టైమిస్తే, ఆ వెధవ సరిగ్గా తొమ్మిదింటికి పనిలోకి వచ్చేశాడు!”

“కూలీ తీసుకున్నాడు కదండీ.”

“అవును” అన్నాడాయన. “అది నాకు తట్టలేదు.”

సినిమా పూర్తయ్యాక ఒక చిన్న హాల్లో ముందు యూనిట్‌కి చూపించారు. లైను ఇళ్ళవాళ్ళూ వచ్చారు, నీలం గళ్ళ చొక్కాల్లో. దీపాలు వెలిగేసరికి నిర్మాత నాలుగో జేబురుమాలు కూడా తడిసిపోయి ఉంది. ఏమీ చావకుండానే ఇంత ఏడుపు ఎలా వచ్చిందో అర్థంకాక ముక్కు చీదుతూ బయటికొచ్చాడు. మెట్ల మీద పిట్టోడు కూర్చుని ఉన్నాడు. వాడి భుజం మీద కాకి, మెడ వంచి, ఒంటికంటితో నిర్మాతని కొలుస్తోంది.

నిర్మాత ఆగిపోయాడు. కుట్టక్క చుట్టూ చూసింది. పెట్టె కూడా దగ్గర లేదు.

“ఏమండీ దర్శకుడు గారూ! ఇది ఆ కాకి కదూ?”

ఆయన కాకి వంక చూశాడు. కుర్రాడి వంక చూశాడు. చేతులు రెండూ ఉండాల్సిన చోటే ఉన్నాయి. గడ్డం పైకే ఉంది. రెప్ప వాలలేదు.

“ఇది వేరే కాకండీ” అన్నాడు. “దీనికసలు నటనే రాదు.”

నిర్మాత కాకి వంక జాలిగా చూశాడు.

“పాపం” అన్నాడు.